నైట్ డ్యూటీ, తీటా తరంగాలు, గుర్తుండని పాఠాలు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటాను. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీయే, రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్షకు చదువుతున్నాను. పోయినసారి కొద్దిలో తప్పిపోయింది. ఈసారి ఎలాగైనా కొట్టాలని డ్యూటీ దిగి వచ్చాక నిద్ర ఆపుకుని మధ్యాహ్నం దాకా చదువుతున్నాను. అయినా రెండు రోజులు తిరిగేసరికి ఒక్క ముక్క గుర్తుండటం లేదు. మా పిన్ని కూతురు చెబితే తీటా తరంగాల ఆడియో యాప్ తీసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకునే పడుకుంటున్నాను. తర్వాత తనే ఒక ట్రైనింగ్ సెంటర్‌కు తీసుకెళ్లింది. నైట్ డ్యూటీ దిగి నేరుగా వెళ్లాను. నుదుటికి బ్యాండ్ కట్టి, ల్యాప్‌టాప్‌లో గీతలు చూపించి, 'మీ హిప్పోకాంపస్‌లో తీటా తక్కువగా ఉంది, అందుకే గుర్తుండటం లేదు' అన్నారు. వాలు కుర్చీలో కళ్లు మూసుకుని 20 నిమిషాలు మ్యూజిక్ వినమన్నారు. మళ్లీ చూస్తే తీటా పెరిగింది. బ్యాండ్, మూడు నెలల ట్రైనింగ్ కలిపి 32 వేలట. 5 వేలు అడ్వాన్స్ కట్టేశాను. మిగతాది కట్టమంటారా? నా మెదడులో నిజంగానే ఏదైనా లోపం ఉందా? నాన్న చేసిన అప్పు ఉంది, ఈ ఉద్యోగం వస్తే తప్ప తీరదు. ఆ టెన్షన్‌తో పట్టే కాస్త నిద్ర కూడా పోతోంది. పేరు వేయకండి.

సమాధానం: అమ్మా, మిగతా 27 వేలు కట్టకండి. మీ మెదడులో లోపం ఉందని ఆ బ్యాండ్ కనిపెట్టలేదు. కనిపెట్టడం దానివల్ల అయ్యే పని కాదు. చదివింది నిలవకపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది: 'డ్యూటీ దిగి వచ్చాక నిద్ర ఆపుకుని మధ్యాహ్నం దాకా చదువుతున్నాను' అన్న మాట. మీరు నర్సు, అనాటమీ, ఫిజియాలజీ చదువుకున్నవారు. కాబట్టి పైపైన చెప్పి వదిలేయను. హిప్పోకాంపస్‌లో పుట్టే లయలు ఏమిటి, అవి ఏ వేళల్లో జ్ఞాపకానికి పనికొస్తాయి అన్నది తెలిస్తే, మీ రోజును ఎలా సర్దుకోవాలో మీకే తడుతుంది.

హిప్పోకాంపస్ అనే భాగం మెదడులో చెవుల వైపు ఉండే టెంపోరల్ లోబ్ లోపలి మడతలో, రెండు పక్కలా ఒక్కొక్కటి ఉంటుంది. కొత్త సంగతి మనసులో నిలవడానికి అది ఎంత అవసరమో ఒక పేషెంట్ వల్ల తెలిసింది. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు ఫిట్స్ తగ్గడం కోసం 1953లో విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండు పక్కలా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. అప్పుడతనికి 27 ఏళ్లు. ఫిట్స్ తగ్గాయి. కానీ 2008లో పోయేదాకా కొత్తగా కలిసిన మనిషిగానీ, ఆ పూట జరిగిన సంగతిగానీ అతనికి గుర్తుండలేదు. ఏళ్ల తరబడి అతన్ని పరీక్షించిన బ్రెండా మిల్నర్ ఎప్పుడు వెళ్లినా అతనికి కొత్త మనిషే. అయితే ఆపరేషన్‌కు చాలాముందు నాటి జ్ఞాపకాలు మాత్రం అతనికి ఉన్నాయి, తెలివితేటలూ తగ్గలేదు. దీన్నిబట్టి తెలిసిందేమిటంటే, కొత్త పాఠం నిలవాలంటే మొదట హిప్పోకాంపస్ కావాలి, కానీ ఆ పాఠం ఎప్పటికీ దాని మీదే ఆధారపడి ఉండదు. పోనుపోను మెదడు పైపొర, అంటే కార్టెక్స్, దాన్ని అందుకుంటుంది. ఈ అందుకోవడం ఎక్కడ తెగిపోతోంది అన్నదే మీ విషయంలో చూడాల్సింది.

ఇక తీటా. ఎలుక ఏదో వెతుకుతూ తిరుగుతుంటే దాని హిప్పోకాంపస్‌లో వేలాది కణాల విద్యుత్ సెకనుకు ఇంచుమించు 6 నుంచి 10 సార్లు కలిసి లేచి, కలిసి పడుతూ ఉంటుంది. అదే ఎలుక ఆగి ముఖం తుడుచుకోవడం మొదలుపెడితే ఆ లయ చెదిరిపోతుంది. మనుషుల్లో ఇది ఇంకా నెమ్మది, పైగా ఎడతెగకుండా సాగదు, కాసేపు వచ్చి పోతుంది. సెప్టమ్ అనే చిన్న భాగం ఈ లయను నడిపిస్తుంది. 1978లో జొనాథన్ విన్సన్ ఎలుకల్లో ఆ సెప్టమ్‌ను దెబ్బతీసి తీటా లేకుండా చేశారు. గది ఆనవాళ్లను బట్టి గమ్యం చేరడం అంతకుముందే నేర్చుకున్న ఆ ఎలుకలు ఇక అక్కడికి చేరుకోలేకపోయాయి. కాబట్టి తీటాకు జ్ఞాపకంతో సంబంధం ఉందన్నది నిజం. ఆ సెంటర్‌వాళ్లు ఈ నిజాన్ని పట్టుకునే అబద్ధం అమ్ముతున్నారు.

అసలు తీటా చేసే పని ఏమిటో చూడండి. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్ ఒక వింత గమనించారు. హిప్పోకాంపస్‌లో ఒక్కో కణం ఎలుక ఒక్కో చోటికి వచ్చినప్పుడే సంకేతాలు పంపుతుంది. గదిలో ఈ మూలకు వస్తే ఒక కణం, ఆ గోడ దగ్గరికి వెళ్తే ఇంకొకటి. ఈ పనికే ఆయనకు 2014లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. 1993లో ఆయనా, మైకేల్ రెస్ అనే సహచరుడూ ఇంకో అడుగు వేశారు. ఎలుక ఆ చోటును దాటుతూ ముందుకు పోయేకొద్దీ, దాని కణం తీటా అలలో అంతకంతకూ ముందుగా సంకేతం పంపుతుంది. దాంతో ఒక్కొక్క అలలోనే ఇప్పుడే దాటిన చోటు, ఉన్న చోటు, రాబోయే చోటు అదే వరుసలో వచ్చి పోతాయి. కొద్ది మిల్లీసెకన్ల తేడాతో వెంటవెంటనే పనిచేసిన కణాల మధ్య బంధం బలపడుతుంది కాబట్టి ఆ వరుస అలా మెదడులో నాటుకుంటుంది. మనుషుల మీదా చూశారు. ఫిట్స్ ఆపరేషన్‌కు ముందు మెదడు లోపల ఎలక్ట్రోడ్లు పెట్టిన పేషెంట్లకు బొమ్మలు చూపించి, తర్వాత ఏవి గుర్తున్నాయో అడిగారు. చూసే క్షణంలో కణాలు తీటా లయకు కుదురుగా కలిసి పనిచేస్తే ఆ బొమ్మ బాగా గుర్తుండింది. ఇది 2010లో వచ్చిన ఫలితం. ఇక్కడ లెక్కలోకి వచ్చింది కణాలు ఆ లయతో ఎంత కచ్చితంగా కలిశాయన్నది. 'మీకు తీటా ఇంత శాతం ఉంది, అంతకు పెంచుతాం' అన్న మాటకు ఇందులో చోటే లేదు.

ఆ బ్యాండ్ సంగతికి వద్దాం. హిప్పోకాంపస్ నుదుటి వెనక లేదు. తల లోపల లోతుగా, మడతలు పడి ఉంది. దాని విద్యుత్ కార్టెక్స్‌నూ, ద్రవాన్నీ, పుర్రెనూ, చర్మాన్నీ దాటి నుదుటి మీదికి వచ్చేసరికి ఏమంత మిగలదు. నుదుటి మీద పెట్టిన రెండు మూడు ఎలక్ట్రోడ్లకు అందేది ఎక్కువగా ముందువైపు కార్టెక్స్ విద్యుత్, దానితో పాటు కనురెప్ప కొట్టడం, నుదుటి కండరం బిగించడం. ఇలా మెదడుది కాని దొంగ సంకేతాన్ని ఆర్టిఫాక్ట్ అంటారు, అదేమిటో ఐసీయూలో మానిటర్ల మధ్య పనిచేసే మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆసుపత్రిలో తల నిండా ఎలక్ట్రోడ్లు పెట్టి తీసే ఈఈజీలోనే హిప్పోకాంపస్ లయను నేరుగా చదవడం కష్టం. అందుకే పరిశోధకులు ఎలక్ట్రోడ్లు లోపలే ఉన్న పేషెంట్ల కోసం ఎదురుచూస్తారు.

మరి మీ కళ్ల ముందే తీటా పెరిగింది కదా? పెరిగే ఉంటుంది. తీటా అన్న పేరు సెకనుకు 4 నుంచి 8 సార్లు ఆడే ఏ లయకైనా వాడతారు, అది హిప్పోకాంపస్‌దే కానక్కర్లేదు. మగత కమ్ముతున్నప్పుడు కార్టెక్స్‌లో ఇదే వేగంతో అలలు వస్తాయి. మనిషి కునుకులోకి జారుతుంటే కళ్లు మూసుకున్నప్పుడు ఉండే ఆల్ఫా అనే లయ తగ్గి తీటా పైకి వస్తుంది. నిద్ర పరీక్షల్లో టెక్నీషియన్లు దాన్ని చూసే నిద్ర మొదలైందని గుర్తు పెట్టుకుంటారు. మెలకువగా ఉన్న గంటలు పెరిగేకొద్దీ కూడా ముందువైపు కార్టెక్స్‌లో తీటా పెరుగుతుంది. మీరు 12 గంటలు పేషెంట్ల మధ్య నిలబడి, నేరుగా అక్కడికి వెళ్లారు. వాలు కుర్చీ, మూసిన కళ్లు, మెల్లటి సంగీతం. మీకు నిద్ర వచ్చిందమ్మా. జ్ఞాపకశక్తి పెరుగుతోందని వాళ్లు చూపించిన గీత మీ నిద్రలేమిది. రాత్రంతా పనిచేసి అలసిపోయి వచ్చిన ఆడపిల్లను ఇంటికి పంపి పడుకోమనాల్సింది పోయి, ఆ అలసటనే చూపించి డబ్బు అడగడం చాలా అన్యాయం.

యాప్ విషయం కొద్దిగా వేరు. ఒక చెవిలో సెకనుకు 400, రెండో చెవిలో 406 కంపనాల శబ్దం వినిపిస్తే, మధ్యలో సెకనుకు 6 సార్లు ఊగుతున్నట్టు ఒక నాదం తోస్తుంది. 19వ శతాబ్దంలోనే హైన్‌రిఖ్ డోవ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టారు. రెండు చెవుల శబ్దాలనూ పోల్చే బ్రెయిన్ స్టెమ్ భాగంలో ఆ ఊపు పుడుతుంది. అక్కడి నుంచి అది హిప్పోకాంపస్ లయను పట్టి తనతో నడిపిస్తుందనీ, దానివల్ల పాఠాలు గుర్తుంటాయనీ చెప్పడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. చేసిన ప్రయోగాల్లో ఒకచోట కొంచెం లాభం కనిపిస్తే, ఇంకోచోట ఏమీ కనిపించలేదు, కొన్నిచోట్ల ఎదురు ఫలితమే వచ్చింది.

శబ్దంతో నిద్రలో జ్ఞాపకానికి సాయం చేసిన మంచి ప్రయోగం ఒకటి ఉంది, అదీ చెబుతాను, ఎందుకంటే ఇలాంటివాళ్లు దాన్నే అరువు తెచ్చుకుంటారు. 2013లో జర్మనీలో యాన్ బోర్న్ బృందం నిద్రపోతున్నవాళ్ల ఈఈజీని అప్పటికప్పుడు చదువుతూ, గాఢనిద్రలో వచ్చే పెద్ద నెమ్మది అల పైకి లేచే క్షణానికి సరిగ్గా ఒక చిన్న చప్పుడు వినిపించింది. ఆ అలలు బలపడ్డాయి, రాత్రి నేర్చుకున్న పదాల జంటలు పొద్దున ఎక్కువ గుర్తున్నాయి. అదే చప్పుడు అలకు తప్పు సమయంలో పడితే లాభం లేదు. అంటే పడుకున్న మనిషి సొంత లయను వింటూ దాని వెంట నడవాలి. మీ యాప్‌కు మీ లయ తెలియదు. అది గంటల తరబడి ఒకే శబ్దం చెవిలో పోస్తుంది. అసలే పగటి నిద్ర తేలిగ్గా చెదిరిపోతుంది. ఇయర్‌ఫోన్లు తీసేయండి.

ఇప్పుడు అసలు విషయం. తీటా ఒక్కటే పట్టుకుని తిరిగేవాళ్లు రిపుల్స్ మాట ఎత్తరు, కానీ మీకు కావాల్సింది ఆ సంగతే. ఎలుక పరుగు ఆపి, ఏదో తింటూనో, కదలకుండా కూర్చునో, గాఢనిద్రలోనో ఉన్నప్పుడు హిప్పోకాంపస్‌లో తీటా ఉండదు. దాని బదులు ఉన్నట్టుండి ఒక పదునైన అల లేచి, దాని మీద చాలా వేగంగా సన్నని అలలు వచ్చి ఆగిపోతాయి. ఇవే రిపుల్స్. ఎలుకల్లో సెకనుకు 150 నుంచి 200 వేగంతో, మనుషుల్లో అంతకంటే తక్కువ వేగంతో ఉంటాయి. ఒక్కొక్కటీ ఇంచుమించు సెకనులో పదో వంతు. గ్యోర్గి బుజాకి అనే హంగరీ శాస్త్రవేత్త దశాబ్దాలుగా వీటి వెంటే ఉన్నారు. 1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ చూసింది ఏమిటంటే, పగలు ఎలుక తిరుగుతున్నప్పుడు కలిసి పనిచేసిన కణాలే తర్వాత నిద్రలోనూ కలిసి పనిచేస్తున్నాయి. ఆ తర్వాతి ప్రయోగాల్లో వరుస కూడా దొరికింది. దారిలో ఏ కణం తర్వాత ఏ కణం సంకేతం పంపిందో, నిద్రలో రిపుల్ వచ్చినప్పుడు అదే వరుస మళ్లీ వస్తోంది, సుమారు 20 రెట్ల వేగంతో. ఎలుక నిద్రపోతూ తను నడిచిన దారిని మళ్లీ చదువుకుంటోందన్నమాట.

ఇది ఊరికే జరుగుతోందా, జ్ఞాపకానికి అవసరమా? 2009లో పారిస్‌లో దీన్ని తేల్చారు. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇది. ఎనిమిది దారులున్న చట్రం. అందులో మూడింటి చివర మాత్రమే తిండి ఉంటుంది, రోజూ అవే మూడు. ఎలుకలు రోజూ కొంత నేర్చుకున్నాక గంటసేపు పడుకోనిచ్చారు. ఒక గుంపుకు రిపుల్ మొదలవగానే యంత్రం పసిగట్టి చిన్న విద్యుత్ తాకిడితో దాన్ని మధ్యలోనే ఆపేసింది. రెండో గుంపుకూ అదే తాకిడి ఇచ్చారు, కానీ కాస్త ఆగి, రిపుల్ అయిపోయాక. నిద్ర రెండు గుంపులకూ పట్టింది. రెండో గుంపు మామూలుగా నేర్చుకుంది. మొదటి గుంపు వెనకబడిపోయింది. తేడా అంతా సెకనులో పదో వంతు ఉండే ఆ అలలే. ఇది చదివినప్పుడల్లా, నిద్ర మానుకుని చదివే పిల్లలు తమకు తెలియకుండానే తమకు చేసుకుంటున్నది ఇదే కదా అనిపిస్తుంది.

గాఢనిద్రలో రిపుల్ ఒంటరిగా రాదు. కార్టెక్స్‌లో సెకనుకు ఒకటి కంటే తక్కువగా వచ్చే పెద్ద నెమ్మది అల ఒకటి. అది పైకి లేచినప్పుడు మెదడు నడిమి భాగమైన థాలమస్ నుంచి స్పిండిల్ అనే మరో లయ, సెకనుకు 12 నుంచి 15 దాకా. ఆ స్పిండిల్ లోపల సరిగ్గా ఇమిడి హిప్పోకాంపస్ రిపుల్. మీ వార్డులో షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్ ఎలా ఇస్తారో అలాగే అనుకోండి. దిగిపోయే సిస్టర్, ఎక్కే సిస్టర్ ఇద్దరూ ఒకే సమయానికి బెడ్ దగ్గర ఉండాలి. ఎక్కే సిస్టర్ రాకముందే ఈమె చెప్పేసి వెళ్లిపోతే ఆ పేషెంట్ సంగతి ఎవరికీ తెలియదు. ఇక్కడ చెప్పేది హిప్పోకాంపస్, అందుకునేది కార్టెక్స్, ఇద్దర్నీ ఒకచోటికి తెచ్చేవి ఆ నెమ్మది అల, స్పిండిల్. వయసు మీదపడినవారిలో స్పిండిల్ ఆ అల శిఖరానికి సమయం తప్పి వస్తుందనీ, అలా తప్పినకొద్దీ రాత్రి నేర్చుకున్నది పొద్దునకు తక్కువ మిగులుతుందనీ 2018లో చూశారు.

ఇప్పుడు మీ రోజు చూడండి. పొద్దున 8కి దిగుతారు. రాత్రంతా మేలుకున్న మెదడుతో 9 నుంచి 1 దాకా కొత్త చాప్టర్లు చదువుతారు. ఒక్క రాత్రి నిద్రలేకపోయినా మర్నాడు కొత్త విషయాలు చూసేటప్పుడు హిప్పోకాంపస్ చురుకు తగ్గిపోతుందని 2007లోనే స్కాన్లలో చూశారు. అంటే పాఠం లోపలికి సరిగ్గా పోనేలేదు. తర్వాత పడుకుంటారు, ఎండ, పీజీలో గిన్నెల చప్పుడు, రూమ్మేట్ ఫోను. శరీర గడియారం అది పగలంటుంది కాబట్టి నిద్ర తొందరగా తెగిపోతుంది. సాయంత్రం మళ్లీ డ్యూటీ. లోపలికి పోయిన ఆ కాస్తకూ హ్యాండోవర్‌కు టైమ్ చాలలేదు. ఇందులో మీ తెలివికి వచ్చిన లోటేమీ లేదు. మీ స్థానంలో ఎవరున్నా ఇంతే.

నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో ఇలా చేసి చూడండి. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు చలువ అద్దాలు పెట్టుకోండి, పొద్దుటి ఎండ కళ్లలో పడితే నిద్ర వెనక్కి పోతుంది. తేలిగ్గా ఏదైనా తిని, స్నానం చేసి, తొమ్మిదిన్నరకల్లా పడుకోండి. పడుకునే ముందు పుస్తకం తెరవకండి. కావాలంటే తెల్లకాగితం మీద నిన్న చదివింది మాత్రం చూడకుండా రాయండి, పదిహేను నిమిషాలు చాలు. ఏబీజీ, అంటే రక్తంలో ఆమ్లం, వాయువులు చూసే పరీక్ష, చదివారనుకుందాం. పీహెచ్ 7.35 నుంచి 7.45, కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45, బైకార్బొనేట్ 22 నుంచి 26. ఇవి రాసి, వాంతులయ్యే పేషెంట్‌లో ఏది ఎటు పోతుంది, డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌లో ఎటు పోతుంది అని మీరే వేసుకోండి. రానివాటికి చుట్టూ గీత గీసి వదిలేయండి. ఎందుకు ఇలా అంటున్నానంటే, మనిషి ఒక విషయాన్ని తనంతట తాను గుర్తు తెచ్చుకునే ముందు, ఒకటి రెండు సెకన్ల ముందే హిప్పోకాంపస్‌లో రిపుల్స్ పెరుగుతాయని 2019లో ఎలక్ట్రోడ్లున్న పేషెంట్లలో చూశారు. చూసి చదవడం కంటే చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వల్ల పాఠం ఎక్కువ రోజులు నిలుస్తుందన్నది అంతకు చాలా ముందే తేలిన సంగతి.

గదికి మందపాటి కర్టెన్, చెవులకు దూది లాంటి ఇయర్‌ప్లగ్స్, ఫోను సైలెంట్‌లో. రూమ్మేట్లకు మీ నైట్ డ్యూటీ తేదీలు ముందే చెప్పండి. వీలైతే నైట్లు ఎక్కువగా చేసే ఇంకో సిస్టర్‌తో రూమ్ మార్చుకోండి, ఇద్దరికీ మేలు. మధ్యాహ్నం మూడున్నర దాకా పడుకోండి. మధ్యలో మెలకువ వచ్చినా ఫోను చూడకుండా అలాగే ఉండండి. కొత్త పాఠం లేచాక చదవండి, నాలుగున్నర నుంచి ఆరు దాకా. అప్పుడు మెదడు మళ్లీ అందుకునే స్థితిలో ఉంటుంది. చదవడం అయ్యాక పది నిమిషాలు ఏమీ చూడకండి. రీల్స్ వద్దు, వాట్సాప్ వద్దు. టెర్రస్ మీద ఊరికే కూర్చోండి. మేలుకుని ఊరకే ఉన్నప్పుడు కూడా రిపుల్స్ వస్తాయి. నేర్చుకున్న వెంటనే కాసేపు ఊరకుంటే జ్ఞాపకం బాగా నిలిచినట్టు ప్రయోగాల్లో చూశారు.

డ్యూటీలో కాఫీ రాత్రి రెండు దాటాక వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. నైట్లు లేని రోజులకు కష్టమైన చాప్టర్లు అట్టిపెట్టుకోండి. సాయంత్రం చదివి, పదిన్నరకు పడుకుంటే ఆ రాత్రి నిద్ర మొదటి భాగంలోనే గాఢనిద్ర ఎక్కువగా ఉంటుంది. చదవడానికి దొరికే గంటలు ఇలా తగ్గుతాయని మీకు భయం వేస్తుంది, నాకు తెలుసు. ఇప్పుడు చదువుతున్న గంటల్లో చాలావరకు మిగలడమే లేదు కదా.

ఒక హెచ్చరిక. నైట్ తర్వాత నిద్ర పట్టక ఆల్ప్రజోలం అనే మత్తు మాత్రో, మగత తెచ్చే జలుబు మాత్రో వేసుకునే అలవాటు ఆసుపత్రుల్లో చాలామందికి ఉంది. మీకుంటే మానేయండి. రోజూ వేసుకుంటున్నారంటే మాత్రం ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌ను అడిగి తగ్గించండి. ప్రొసీజర్ ముందు మిడజోలం అనే మత్తు మందు ఇచ్చిన పేషెంట్‌కు ఆ తర్వాతి సంగతులు ఎందుకు గుర్తుండవో మీకు తెలుసు. ఆల్ప్రజోలం ఆ కుటుంబానిదే, పైగా గాఢనిద్రను తగ్గిస్తుంది. మగత తెచ్చే పాతరకం జలుబు మాత్రలు అసిటైల్‌కొలిన్ అనే మెదడు రసాయనాన్ని అడ్డుకుంటాయి. హిప్పోకాంపస్‌కు కొత్తది నేర్చుకోవడానికి కావాల్సింది అదే.

టెన్షన్ గురించి. మీరుండే ఊళ్లోనే, ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో సుమంత్ర చటర్జీ బృందం, మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ శాస్త్రవేత్తలతో కలిసి 2002లో ఒక ముఖ్యమైన సంగతి చూపించింది. రోజుల తరబడి ఒత్తిడిలో పెట్టిన ఎలుకల్లో హిప్పోకాంపస్ కణాల కొమ్మలు కుదించుకుపోయాయి, భయానికి సంబంధించిన అమిగ్డలాలో మాత్రం కొమ్మలు పెరిగాయి. ఒత్తిడి తీసేసి కొన్నాళ్లు ఆగితే హిప్పోకాంపస్ కొమ్మలు మళ్లీ కోలుకున్నాయి. నాన్నగారి అప్పు మొత్తం మీ ఒక్కరి తల మీద పెట్టుకుని చదవకండి. ఇంట్లో కూర్చుని, వడ్డీ ఎంత, అసలెంత, ఎవరు ఎంత కట్టగలరు అన్నది ఒకసారి లెక్క రాసుకోండి. దిగులు ఎక్కువై, ఏడుపు వస్తున్నా, తిండి సయించకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మీ ఆసుపత్రిలోనే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, హిమోగ్లోబిన్ చేయించుకోండి. మీ వయసు ఆడవాళ్లలో మతిమరుపు, నీరసం వీటివల్ల కూడా వస్తాయి, మందుతో తగ్గిపోతాయి. బాగా గురక ఉన్నా, సరిపడా పడుకున్నా పగలు తూలుతున్నా నిమ్హాన్స్‌లో చూపించండి, బీటీఎంకు దగ్గరే. అక్కడ నిద్ర సమస్యలు చూసే డాక్టర్లున్నారు.

అడ్వాన్స్ ఇచ్చిన 5 వేలు వదిలేయకండి. ట్రైనింగ్ ఇంకా మొదలవలేదు, డబ్బు వెనక్కి ఇవ్వండని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. 'హిప్పోకాంపస్‌లో తీటా తక్కువ' అని వాళ్లు ఏదైనా రిపోర్టు ఇచ్చి ఉంటే పారేయకుండా దాచండి. డబ్బు వెనక్కి ఇవ్వబోమని వాళ్లంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేయవచ్చు. మీ పిన్ని కూతురు మీ మంచి కోరే తీసుకెళ్లింది, ఆ అమ్మాయితో గొడవ పడకండి. తను కూడా అక్కడ డబ్బు కట్టి ఉంటే ఈ ఉత్తరం చూపించి ఇద్దరూ కలిసే అడగండి. యాప్‌కు ఆటోపే పెట్టి ఉంటే అదీ ఇవాళే ఆపేయండి.